చెయ్యి తీశావా?

రంగత్ నుంచి ఫోను వచ్చినప్పుడు నేను పోర్ట్‌బ్లెయిర్‌లో మా ఇంట్లో గడ్డం గీసుకుంటున్నాను.

"సార్, మాస్టారు ఎల్లిపోనారు," అంది దీదీ.

రంగత్ బస్టాండు దగ్గర టీకొట్టు నడిపే మనిషి ఆవిడ. మాస్టారు అద్దెకున్న గదికీ ఆవిడ ఇంటికీ మధ్య ఒకటే గోడ. తాతలు శ్రీకాకుళం నుంచి వచ్చారు గాని, ఆవిడ పుట్టిందీ పెరిగిందీ ఈ దీవుల్లోనే. వయసులో నాకంటే చాలా చిన్నది. ఊరంతా దీదీ అంటారు కనుక నేనూ దీదీ అనే అంటాను.

"ఎప్పుడు దీదీ?"

"మొన్న. పొద్దుట చాయ్ అట్టుకెల్తే కుర్చీలోనే ఉన్నారు. కునుకు తీసారేమో అనుకున్నాను. మా ఆయనా, స్కూలోల్లూ కలిసి అన్నీ కానిచ్చీసినారు. మీ నంబరు ఈయాల దొరికింది, మాఫ్ సెయ్యండి. ఇప్పుడు ముసీబత్ ఏటంటే, ఆ జానవర్ బొమ్మ. మేజా మీద అలాగే ఉంది, కాలెత్తుకుని. గది ఖాళీ సెయ్యాల. దాన్ని ఎవులూ ముట్టుకోట్లేదు. నేనూ ముట్టను. మీరొచ్చి తీసుకుపోండి. మీకు డర్ లేదు కదా."

డర్ లేదు. దయ్యాల మీదా తాయెత్తుల మీదా బాబాల మీదా ఇన్నేళ్లుగా రాసినందుకూ, వేదికలెక్కి అరిచినందుకూ, అక్కడక్కడా రాళ్లు తిన్నందుకూ నాకు దక్కిన బిరుదు అదొక్కటే. ఎవరూ ముట్టని వస్తువు ఎక్కడైనా ఉంటే నన్ను పిలుస్తారు. గుమ్మాలకు కట్టిన నిమ్మకాయలు తెంపాను. కూడలిలో దిష్టి తీసి పడేసిన కొబ్బరికాయ పగలగొట్టి, అక్కడే నిలబడి తిన్నాను. కాని ఆ ఫోను పెట్టేశాక సగం గీసిన గడ్డంతోనే బస్టాండుకి బయల్దేరాను.

ఆయన పేరు రాయను. వృత్తి డ్రాయింగు మాస్టారు, వ్యసనం బొమ్మల సినిమా. తీగతో, గుడ్డతో, కొబ్బరిపీచుతో చేసిన బొమ్మను బల్ల మీద నిలబెట్టి, వెంట్రుకవాసి కదిపి ఒక ఫొటో తియ్యాలి. మళ్లీ వెంట్రుకవాసి కదిపి ఇంకో ఫొటో. అలా తీసినవన్నీ వరసగా తిప్పితే బొమ్మ తనంతట తాను నడిచినట్టు కనిపిస్తుంది. పొద్దస్తమానం పని చేస్తే బొమ్మ ఒక గుమ్మం దాటుతుంది. ఆ పనికి ఒకటే నీతి. కదిపిన చెయ్యి కనబడకూడదు. చెయ్యి పడిన ఫొటో చెత్తబుట్టలోకి పోవాలి. ఇక్కడ ఆయన పేరు రాశానంటే ఆయన చెయ్యి ఫొటోలో పడినట్టే.

ఆయన్ని మొదటిసారి చూసింది బ్రూక్షాబాద్‌లో, ఇళ్లు పోయినవాళ్లకు వేసిన రేకుల షెడ్డుల్లో. సునామీ వచ్చిన తర్వాతి నెలలు. అప్పుడు పోర్ట్‌బ్లెయిర్‌లో మంచినీళ్ల కంటే పుకార్లు ఎక్కువ దొరికేవి. ఫలానా రోజు మళ్లీ కెరటం వస్తుందని ఒకడు, పాపాలు పెరిగినందుకు సముద్రం శిక్షించిందని ఇంకొకడు, తమ గుడి మునగలేదు కనుక తమ దేవుడే నిజమని మరొకడు. అన్ని మతాల వాళ్లూ ఆ ఒక్క విషయంలో కలిసికట్టుగా ఉన్నారు. నాకు ఒళ్లు మండిపోయేది. భూమి అడుగున పలక జారింది, నీళ్లు లేచాయి, ఎత్తున ఉన్నవాళ్లు బతికారు, పల్లంలో ఉన్నవాళ్లు పోయారు. పాలు తాగే పసివాళ్లు ఏ పాపం చేశారని వాళ్లను శిక్షించింది? సముద్రానికి పాపమూ తెలియదు, పుణ్యమూ తెలియదు. ఈ మాటలు షెడ్డు షెడ్డుకీ తిరిగి చెప్పేవాణ్ణి. వినేవాళ్లు తక్కువ. అయినా చెప్పేవాణ్ణి.

ఒకరోజు కబురు వచ్చింది. కార్ నికోబార్ నుంచి వచ్చిన, తెలుగువాడైన డ్రాయింగు మాస్టారి షెడ్డులో ఒక రాక్షసి బొమ్మ ఉందట. అది తనంతట తాను కదులుతోందట. ఆయన రోజంతా దానితో మాట్లాడుతున్నాడట. మంత్రగాణ్ణి పిలిచారు, బొమ్మను తగలబెట్టబోతున్నారు. నేను సైకిలెక్కాను.

వెళ్లేసరికి జనం గుమిగూడి ఉన్నారు. మంత్రగాడు ఒక పళ్లెం నిండా నిమ్మకాయలు పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. తలుపుకి అడ్డంగా నల్లచొక్కా వేసుకున్న సన్నటి మనిషి నిలబడి ఉన్నాడు. గడ్డం మాసింది. అందరూ ఆయన్ని "స్వామీ, స్వామీ" అంటున్నారు. నల్లచొక్కా చూసి అయ్యప్ప దీక్ష అనుకున్నారు. సంగతి తర్వాత తెలిసింది. తెల్లచొక్కా వేసుకుంటే ఆ తెలుపు బొమ్మల మీద పడి ఫొటోలో వెలుతురు మారిపోతుందట. అందుకని ఆయన జీవితమంతా నల్లచొక్కాలే.

"ఏం జరుగుతోంది?" అన్నాను.

పక్క షెడ్డు ముసలామె అందుకుంది. "ఏటి సెప్పమంటావు బాబూ! రేకుగోడ కదా, అంతా ఇనబడతాది. పొద్దున్న మొదలెట్టి 'సెయ్యి తీసావా, సెయ్యి తీసావా' అని అడుగుతాడు. ఎవుల్ని అడుగుతాడు? లోపల ఎవులున్నారని? నిన్న మా కోడలు తొంగి సూసింది. ఈయన కుర్చీలో ఉన్నాడు, దూరంగా. ఆ బొమ్మ కాలు ఊపింది. మా కోడలు కల్లారా సూసింది!"

మంత్రగాడు తల పంకించాడు. "ఇస్‌మే ఔరత్ కీ రూహ్ హై," అన్నాడు. బొమ్మలో ఒక ఆడమనిషి ఆత్మ ఉందట.

ఆ మాటకు నల్లచొక్కా మనిషి ముఖం ఒక్కసారిగా పాలిపోవడం చూశాను. ఎందుకో అప్పుడు తెలియదు.

నేను ఒక స్టీలు గ్లాసు తెప్పించాను. అంచుదాకా నీళ్లు పోసి ఆ బొమ్మ పక్కన బల్ల మీద పెట్టాను. "అందరూ కూర్చోండి. నేనూ కూర్చుంటాను. రోజూ భూమి కదులుతోందా లేదా? మళ్లీ కదిలినప్పుడు చూద్దాం. బొమ్మతో పాటు నీళ్లు కూడా కదిలితే నీళ్లకు కూడా దయ్యం పట్టిందని ఒప్పుకుంటారా, మీ మంత్రగాణ్ణి పంపేస్తారా?" అన్నాను.

కూర్చున్నారు. టీ వచ్చింది. ఎవరో బిస్కెట్లు పంచారు. మంత్రగాడు విసుగుతో నిమ్మకాయలు తీసి మళ్లీ పేర్చుకుంటున్నాడు. భూమి మాత్రం ఆ పూట కదలనని పట్టుబట్టింది. "నీ భూమికి ఈయాల సెలవా భయ్యా?" అని ఒకడు వెక్కిరించాడు. ఎండ నడినెత్తికొచ్చింది. సగం మంది లేచి వెళ్లిపోయారు. అప్పుడు వచ్చింది. ముందు రేకులు గలగలమన్నాయి. గ్లాసులో నీళ్లు ఒలికి బల్ల మీద పారాయి. బొమ్మ ఎత్తిన కాలు చలిపట్టినట్టు వణికింది.

అందరికంటే ముందు బయటికి పరిగెత్తినవాడు మంత్రగాడు. రెండోవాణ్ణి నేను. భూకంపం వచ్చినప్పుడు షెడ్డులోంచి బయటపడడమే హేతువాదం. బయట నిలబడి లెక్క చూసుకుంటే ఒక మనిషి తక్కువ. తలుపులోంచి చూశాను. ఆయన లోపలే ఉన్నాడు. ఊపిరి బిగబట్టి, కెమెరా మీద కళ్లు పెట్టి, టకటకా ఫొటోలు తీస్తున్నాడు. పక్కన రేకు ఒకటి ఊడి వేలాడుతోంది. ఆయన దాన్ని చూడలేదు.

జనం నవ్వుకుంటూ చెదిరిపోయాక నేను గెలిచిన హుషారులో లోపలికెళ్లి, ఆయనకు భూమి పలకల గురించి వివరించబోయాను.

"తెలుసు సార్," అన్నాడాయన. "భూకంపమే."

"మరింకేం!"

"అయినా, నేను కదపలేదు కదా."

ఆ మాట అర్థం కావడానికి నాకు కొన్నాళ్లు పట్టింది.

ఆ బొమ్మను వర్ణించడం కష్టం. సగం మొసలి, సగం ఆవు, మూతి మాత్రం నికోబారు పందిది. ఒంటికి పచ్చచీర గుడ్డ. మెడమీద కొబ్బరిపీచు జూలు. కళ్లు చొక్కా బొత్తాలు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. అందువల్ల ఎప్పుడూ ఏదో అనుమానిస్తున్నట్టు చూసేది. ముందరి కుడికాలు గాల్లోకి లేచి ఉండేది.

ఆయన తీస్తున్న సినిమా కథ ఇది. ఒక దొర, ఆయన వంటవాడు ఈ దీవులకు వస్తారు. పాతకాలపు యాత్రికులు ఇక్కడ కుక్కతలల మనుషులున్నారని నిజంగానే రాసుకున్నారు కదా. అలాంటి పుస్తకం ఏదో చదివిన దొర అందులో ఉన్న వింతజంతువును పట్టుకుని పేరు తెచ్చుకోవాలనుకుంటాడు. వంటవాడికి ఒకటే సందేహం. దాన్ని వండుకోవచ్చా లేదా? వాళ్లు అడుగుజాడలు కనిపెట్టి, కొలిచి, పటం గీసి సంబరపడతారు. చూస్తే అవి వాళ్ల అడుగులే. కొబ్బరిచెట్టు ఎక్కే పెద్దపీత దొర టోపీ ఎత్తుకుపోతుంది. అదే జంతువని దొర దానిముందు మోకరిల్లి ఉపన్యాసం ఇస్తాడు. పీత టోపీలో కూర్చుని అంతా విని, టోపీ వదిలేసి పోతుంది. నేను కడుపుబ్బ నవ్వాను.

"చివరికి జంతువు లేదని తేల్చండి మాస్టారూ. మా సభల్లో వేస్తాం," అన్నాను.

"లేదని తేల్చడానికైనా వాళ్లు అక్కడిదాకా నడవాలి కదా సార్."

"నడిపించండి మరి. ఎందుకు ఆలస్యం?"

ఆయన టీగ్లాసు బల్ల మీద పెట్టి, చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకుని, ఒక్క క్షణం ఆగాడు. అది ఆయన అలవాటు. ఏ వస్తువు పెట్టినా అంతే. గ్లాసు, కళ్లజోడు, తాళంచెవి, ఏదైనా సరే. పెట్టి, చెయ్యి తీసి, ఫొటో పడేదాకా ఆగినట్టు ఆగి, తర్వాతే మాట.

"జంతువును కదిపేది నేను కాదండి. మా ఆవిడ," అన్నాడు.

దొరా వంటవాడూ ఆయనవి. జంతువు ఆవిడది. పచ్చచీర ఆవిడదే, కుట్టిందీ ఆవిడే. బొమ్మను కదపడం చేతిరాత లాంటిదని చెప్పాడాయన. ఎవరి రాత వారిది. ఆయన కదిపితే బొమ్మలు తడబడుతూ, తొందరపడుతూ నడుస్తాయి, దొరకూ వంటవాడికీ అది సరిపోతుంది. ఆవిడ కదిపితే జంతువు ఆలోచించి అడుగేస్తుంది. ఒకరు బొమ్మ దగ్గర, ఇంకొకరు కెమెరా దగ్గర. కెమెరా దగ్గరివాళ్లు అడగాలి: "చెయ్యి తీశావా?" రెండోవాళ్లు "తీశా" అనాలి. అప్పుడు ఫొటో. స్కూలు వదిలాక, ఆదివారాలు, కరెంటు పోయినప్పుడు కిటికీ వెలుతురులో, వాళ్ల కాపురంలో ఎక్కువ మాటలు ఆ రెండే అయ్యుంటాయి.

సునామీ వచ్చిన ఆ డిసెంబరులో జంతువు ఎత్తిన కాల్లో తీగ తెగింది. క్రిస్మస్ సెలవుల్లో ఆయన దాన్ని సంచిలో పెట్టుకుని ఓడెక్కి పోర్ట్‌బ్లెయిర్ వచ్చాడు. చాతం కలప మిల్లులో పనిచేసి రిటైరైన మెకానిక్ ఒకాయన అలాంటి సన్నపని చేసిపెడతాడు. తీసిన ఫొటోలన్నీ డిస్కుల్లోకి ఎక్కించుకోవాలి కనుక కెమెరా కూడా తెచ్చుకున్నాడు. "మీరు దాని కాలు బాగుచేయించుకు రండి. ఈలోగా నేను దొరకి కొత్త కోటు కుట్టేస్తాను," అని ఆవిడ ఉండిపోయింది. వాళ్ల ఇల్లు ఒడ్డునే.

దొరా వంటవాడూ ఆవిడతోనే పోయారు. జంతువు మిగిలింది.

షెడ్డులోకి వచ్చాక ఆయన దొరనూ వంటవాణ్ణీ మళ్లీ చేశాడు. దొరకి కోటు కుట్టలేదు. సినిమాలో ఒకచోట దొర కోటుతో పొద చాటుకు వెళ్లి, బనీనుతో బయటికొస్తాడు. నేను లోపం పట్టుకున్నాను. "ఇదేమిటి మాస్టారూ, కోటు ఏమైంది?"

"సముద్రంలో పోయింది సార్," అన్నాడు, దొర సంగతే చెబుతున్నంత మామూలుగా.

బొమ్మను మెకానిక్ బాగుచేసి ఇచ్చినప్పుడు కాలు ఎలా ఎత్తి ఉందో మాస్టారు అలాగే ఉంచాడు. దాన్ని ఆయన మళ్లీ ముట్టుకోలేదు. దుమ్ము దులపాలన్నా దూరం నుంచి విసనకర్రతో విసిరేవాడు. అందుకని దొరా వంటవాడూ జంతువు దాకా చేరడానికి వీల్లేదు. చేరితే అది ఎత్తిన కాలు దించి దొర టోపీ మీద పెట్టాలి. ఆవిడ అనుకున్న ఆఖరు సీను అది. దించేవాళ్లు లేరు. కనుక ఆయన దారి పొడిగిస్తూ పోయాడు. వాళ్లకోసం మడ అడవులు వేశాడు, కొండలు వేశాడు, బురదగుంటలు వేశాడు. పాపం వాళ్లు నడుస్తూనే ఉన్నారు.

ఒక మధ్యాహ్నం నాకు మొదటి భాగం చూపించాడు, కార్ నికోబార్‌లో ఇద్దరూ కలిసి తీసింది. జంతువు గుహలోంచి బయటికొచ్చి, మూతి ఎత్తి వాసన చూస్తుంది. నేను నవ్వుతున్నాను. "చూశారా?" అన్నాడు.

"ఏమిటి?"

మళ్లీ వెనక్కి తిప్పి వేశాడు. ఈసారీ పట్టుకోలేదు. మూడోసారి ఆపాడు. జంతువు మెడ పక్కన ఒక చెయ్యి. మణికట్టు దాకానే ఉంది. ఎర్ర గాజులు. చూపుడువేలికి కుట్టుపని చేసేవాళ్లు తొడుక్కునే ఇత్తడి తొడుగు. ఆయన తొందరపడి మీట నొక్కాడు, ఆవిడ ఇంకా "తీశా" అనలేదు. పారేయాల్సిన ఫొటో. పెళ్లి ఫొటోలు, రేషన్‌కార్డు ఫొటో, గోడమీద ఫొటో, అన్నీ సముద్రంలోకి పోయాయి. మిగిలింది ఇది.

"ఉంచేశాను," అన్నాడు. "ఎవరికీ కనబడదు లెండి. కన్ను మూసి తెరిచేంత కూడా ఉండదు."

ఇంకోసారి వెయ్యమన్నాను.

షెడ్డుల్లో అందరూ పోయినవాళ్లకు కర్మలు చేశారు. ఆయన చెయ్యలేదు. పెద్దలు వచ్చి కూర్చుని నచ్చచెప్పారు. దేహం దొరకకపోయినా దర్భతో చెయ్యొచ్చన్నారు. ఆయన తల అడ్డంగా ఊపాడు. నాకు మహా సంతోషమైంది. "శభాష్ మాస్టారూ! మీరు మా మనిషే!" అని చెయ్యి పట్టుకుని ఊపాను.

"నేను మీ పార్టీ కాదు సార్," అన్నాడు మెల్లగా. "ఆవిడ ఇంకా తీశా అనలేదు. అంతే."

నేను వాదించాను. మనిషి పోవడం ఒప్పుకోవాలి, ఒప్పుకోకపోవడమే మూఢనమ్మకాలకు పునాది అన్నాను. ఆయన నెమ్మదిగా విన్నాడు. ఇప్పటికీ నా వాదం తప్పని అనుకోను. కాని ఆ వాదం విని ఒక మనిషి సాయంత్రం ఏం చేసుకోవాలో అందులో లేదు. గోడకి అవతల "చెయ్యి తీశావా?" అని ఒక గొంతు అడుగుతుంది. కాసేపు ఏమీ వినబడదు. తర్వాత టక్‌మని కెమెరా చప్పుడు. మళ్లీ, "చెయ్యి తీశావా?" ఆయనే కదిపి, ఆయనే అడిగి, ఆయనే ఆగి, ఆయనే నొక్కేవాడు. ఆ గదిలో ఆయన కదపకుండా కదిలేది ఏదీ లేదు. గ్లాసు పెట్టినచోటే ఉండేది. చెప్పు విడిచినచోటే ఉండేది. ఇద్దరున్న ఇంట్లో వస్తువులు మనకు తెలియకుండా చోటు మారతాయి. అద్దం పక్కకి జరుగుతుంది, దువ్వెన ఇంకో గూట్లో దొరుకుతుంది. దానికి మనం విసుక్కుంటాం. ఆయన ఇంట్లో చోటు మారింది ఒక్క జంతువు కాలు, అదీ భూమి కదిలినప్పుడు. "నేను కదపలేదు కదా" అన్నమాటకు అర్థం అది.

తర్వాత ఆయనకు రంగత్ స్కూలుకు పోస్టింగు వచ్చింది. జంతువును బల్లతో సహా కూలీల చేత మోయించుకుని వెళ్లాడు. రిటైరయ్యాక కూడా అక్కడే ఉండిపోయాడు. ఉపన్యాసాలకు ఆ వైపు వెళ్లినప్పుడల్లా ఆయన గదిలోనే దిగేవాణ్ణి. అప్పటికి భూమి సద్దుమణిగింది. ఎప్పుడో తప్ప కదలడం లేదు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఫోనులో ఆయనొక్కడు దిగులుగా అనేవాడు: "ఈ మధ్య భూమి బొత్తిగా కదలడం లేదు సార్."

ఒకసారి వెళ్తే దొరా వంటవాడూ జంతువుకు ఎదురుగా నిలబడి ఉన్నారు. "చేరిపోయారే!" అన్నాను.

"ఎంతకాలం తిప్పుతాను సార్. మోకాళ్ల తీగలు అరిగిపోయాయి, వాళ్లవీ నావీ." గ్లాసు పెట్టి, చెయ్యి తీసి, ఆగాడు. "మీరు కదపండి."

"నేనా?"

"నాకు చెయ్యి రాదు. మీకు దానిమీద ఏ నమ్మకమూ లేదు కదా. మీకయితే అది గుడ్డా తీగా. కాలు దించి టోపీ మీద పెట్టండి, కొంచెం కొంచెంగా. నేను కెమెరా దగ్గరుంటాను."

కూర్చున్నాను. వెంట్రుకవాసి కదిపాను.

"చెయ్యి తీశారా?"

"తీశా."

టక్. ఆ మాట అన్న వెంటనే ఆయన ముఖం చూశాను. కెమెరా అడ్డం ఉండి కనబడలేదు. కళ్లజోడు తీసి చొక్కా అంచుకి తుడుచుకున్నాక రెండో ప్రశ్న అడిగాడు.

చీకటి పడేలోగా పని ముగించి, తీసింది వేసుకుని చూశాం. నేను దించిన కాలు లాఠీలా దిగింది. జంతువు దొర నెత్తిమీద మొట్టినట్టుంది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకుని పగలబడి నవ్వాం. గోడకి అవతల నుంచి దీదీ, "ఏటయింది మాస్టారూ? పాగల్ అయిపోనారా ఇద్దరూ?" అని కేకేసింది.

"మీరు కదిపితే అది ఉపన్యాసం ఇచ్చేటట్టుంది సార్," అన్నాడు ఆయన కళ్లు తుడుచుకుంటూ. ఆ సీను చెరిపేశాడు. పాత ఫొటో ముందర పెట్టుకుని, కాలు ఇంతకుముందు ఎంత ఎత్తులో ఉండేదో చూసి చూసి, నా చేతనే మళ్లీ పైకి ఎత్తించాడు. తను మాత్రం ముట్టలేదు.

ఆయన్ని ప్రాణాలతో చూసింది అదే ఆఖరు.

దీదీ ఫోను మీద ఇప్పుడు రంగత్ వెళ్లేసరికి గది తలుపు తెరిచే ఉంది. దీదీ గుమ్మం ఇవతలే ఆగిపోయింది. బల్లమీద దొరా వంటవాడూ జంతువు ఎత్తిన కాలి ముందు కూర్చుని ఉన్నారు. ఇద్దరికీ గడ్డాలు తెల్లబడ్డాయి, దూది అంటించాడు. వంటవాడు జంతువు ముందు ఒక పళ్లెం పెట్టాడు, అందులో నిజమైన బియ్యపు గింజలు.

"సినిమా అయిపోనాదని సెప్పినారు సార్ మొన్నొకరోజు," అంది దీదీ. "నేను నమ్మలేదు."

కంప్యూటరు తెచ్చి గుమ్మంలో పెట్టుకుని, దీదీ, ఆవిడ భర్త, నేను ముగ్గురం చూశాం. పీత టోపీ ఎత్తుకుపోయినప్పుడు దీదీ భర్త తొడ చరిచి నవ్వాడు. చివర్లో దొరా వంటవాడూ జంతువును కనిపెడతారు. అది కదలదు. దొర పుస్తకం తీసి చూస్తాడు, మూసేస్తాడు. కూర్చుంటారు. వంటవాడు వండుతాడు, ముగ్గురికీ వడ్డిస్తాడు. జంతువు తినదు. కిటికీ వెలుతురు వాళ్లమీదుగా పాకి పోతుంది, మళ్లీ వస్తుంది, మళ్లీ పోతుంది. గడ్డాలు నెరుస్తాయి. దుమ్ము పడుతుంది. లేచిపోరు. అప్పుడు ఉన్నట్టుండి ముగ్గురూ ఒక్కసారి వణుకుతారు. పళ్లెంలో గింజలు చెదురుతాయి. జంతువు కాలు కొంచెం కిందికి జారి, ఆగుతుంది. టోపీ దాకా రాదు. దొర మెల్లగా టోపీ తీసి ఒళ్లో పెట్టుకుంటాడు. అంతే సినిమా.

"అది ఆ రోజు, సార్," అంది దీదీ. "దీవాలీ ముందర భూమి కదిలింది సూడండి, ఆ రోజు. మేమంతా బయటికి పరిగెత్తాం. మాస్టారు రాలేదు." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "రోజూ అడిగేవోరు కదా, సెయ్యి తీసావా అని. గోడ ఇవతల గిన్నెలు కడుగుతా నేనే అనేదాన్ని, 'తీసాను మాస్టారూ' అని. మొదట్లో మజాక్‌కి. తర్వాత్తర్వాత అనకపోతే కెమెరా సప్పుడు ఇనబడేది కాదు."

దొరనీ వంటవాణ్ణీ దీదీ భర్త తీసుకున్నాడు, టీకొట్టులో పెట్టుకుంటానన్నాడు. జంతువు కోసం దీదీ బిస్కెట్ల అట్టపెట్టె ఒకటి తెచ్చింది. నేను దాన్ని ఎత్తాను. అనుకున్నదానికంటే తేలిక. పెట్టెలో పెట్టాను. మూత పడలేదు, కాలు అడ్డొచ్చింది.

"దాన్ని కిందికి నొక్కీండి సార్. మెత్తటి తీగే కదా," అంది దీదీ దూరం నుంచి.

మెత్తటి తీగే. ఒక్క వేలితో నొక్కితే దిగిపోతుంది. తీగ, గుడ్డ, దూది, రెండు బొత్తాలు. నా అంత బాగా ఆ మాట ఎవరికీ తెలియదు. పెట్టె వద్దన్నాను.

పోర్ట్‌బ్లెయిర్ బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. జంతువును ఒళ్లో పెట్టుకున్నాను. కండక్టరు వచ్చి దాన్ని ఎగాదిగా చూశాడు. "యే కౌన్‌సా జానవర్ హై, చాచా?"

లేని జంతువన్నాను.

"లేనిదానికి టికెట్టు అక్కర్లేదు లెండి," అని హిందీలో అంటూ నవ్వి వెళ్లిపోయాడు.

బస్సు ఊరు దాటింది. గతుకు వచ్చినప్పుడల్లా ఆ ఎత్తిన కాలు కిందికి దిగుతోంది, మళ్లీ పైకి లేస్తోంది. రోడ్డు బాగాలేదు, తీగ మెత్తది. అంతకు మించి ఏమీ లేదు. పడిపోతుందేమోనని దాన్ని రెండు చేతులా పట్టుకుని ఉన్నాను. కాసేపటికి చేతులు తీసేశాను.